ఎర్ర వైన్ సీమలో తెల్ల నురగ

కృష్ణానది పైన ద్రాక్ష, కింద వరి. నడుమ విజయపురి స్తంభం మీద కొమ్ముపాత్ర పట్టుకున్న ఒక పరాయి దేవుడు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఎకరం పొలం ఉన్న ఎవరిని కదిపినా వరద లెక్క ఠక్కున చెబుతారు. ఆల్మట్టి నిండిందా, నారాయణపూర్ గేట్లు ఎత్తారా, జూరాల దాటిందా, శ్రీశైలానికి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి... అన్నీ నోటి మీదే ఉంటాయి. ఆ నీళ్లు దారిలో ఏ పంటను తడిపి వస్తున్నాయో మాత్రం ఎవరూ అడగరు. పుణె జిల్లాలో నారాయణగావ్ అనే ఊరుంది. దాని పక్కన పారే మీనా నది ఘోడ్‌లో, ఘోడ్ భీమాలో, భీమా కృష్ణలో కలుస్తాయి. 1980లలో ఆ ఊళ్లో శ్యామ్‌రావు చౌగులే అనే వ్యాపారి ఫ్రాన్స్‌లోని పైపర్ హైడ్‌సీక్ షాంపేన్ కంపెనీ నుంచి సాంకేతిక సాయం తెచ్చుకుని బుడగల వైన్ తయారుచేశాడు. 'ఒమర్ ఖయ్యాం' అని పేరు పెట్టి విదేశాలకు అమ్మాడు. మన దేశంలో ద్రాక్షతోట వేసుకుని, షాంపేన్ పద్ధతిలో, సీసాలోనే పులియబెట్టి పేరు తెచ్చుకున్న మొదటి స్పార్క్లింగ్ వైన్ అదే. చౌగులే కంపెనీ ఇండేజ్ తర్వాత అప్పుల్లో మునిగి మూతపడింది. ఆయన చూపించిన దారి మాత్రం మూసుకుపోలేదు.

అప్పటికి మన దుకాణాల్లో వైన్ అంటే 'గోల్కొండ రూబీ' లాంటివే. ఎర్రగా, తియ్యగా, దగ్గు మందుకు చుట్టంలా ఉండేవి. వైన్ అంటే ఎర్రది అన్న నమ్మకం చాలామందిలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దక్కన్‌లో పేరు పడిన కొన్ని వైనరీలు కూడా ఎర్ర వైన్‌తోనే పేరు తెచ్చుకున్నాయి. అలాంటి చోట తెల్ల నురగ ఎలా పుట్టింది? ఈ కథనం అందుకోసమే.

ఆదివారం పూట మద్యం ముచ్చటేమిటని మొహం చిట్లించుకునే పాఠకులు ఉంటారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. మందు మాట తేలిగ్గా ఎత్తే నేల కాదు ఇది. ఈ కథనం తాగమని చెప్పడానికి రాయలేదు. ఒక పానీయాన్ని ఎలా కాపాడుకోవాలో తెలిసినవాళ్ల గురించి, తెలియని మన గురించి చెప్పడానికి రాసింది.

గాలి ఎక్కడిది?

చాలామంది అనుకున్నట్టు స్పార్క్లింగ్ వైన్‌లోకి సోడాలా బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. చవక రకాల సంగతి వేరు. అసలు పద్ధతిలో ముందు మామూలు తెల్ల వైన్ తీస్తారు. పుల్లగా, పలచగా ఉండే ఈ వైన్ తాగడానికి ఏమంత బాగుండదు. దాన్ని సీసాల్లో పోసి, లీటరుకు 24 గ్రాముల చొప్పున పంచదార, కాస్త ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. ఈస్ట్ ఆ పంచదారను తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. గ్యాస్ బయటికి పోయే దారి ఉండదు కాబట్టి వైన్‌లోనే కరిగిపోతుంది. అప్పుడు సీసాలో ఒత్తిడి వాతావరణ పీడనానికి ఆరు రెట్లకు చేరుతుంది. కారు టైరులో ఉండేది ఇందులో సగం కూడా కాదు. అందుకే ఆ సీసా అంత మందంగా, అడుగున లోపలికి నొక్కినట్టు ఉంటుంది.

పని అయిపోయాక ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా పేరుకుంటుంది. వైన్‌ను ఆ మడ్డి మీదే నెలల తరబడి నిలవ ఉంచుతారు. షాంపేన్‌లో అయితే సీసాలో పోసినప్పటి నుంచి అమ్మేదాకా కనీసం 15 నెలలు ఆగాలని చట్టం ఉంది. కాల్చిన రొట్టెను తలపించే వాసన అప్పుడే వస్తుంది. తర్వాత సీసాను తలకిందులుగా వంచి, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ మడ్డినంతా మూతి దగ్గరికి దించుతారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో షాంపేన్ వ్యాపారి, వితంతువు క్లికో గారి నేలమాళిగలో కుదిరిన పద్ధతి ఇది. అప్పట్లో చేత్తో తిప్పేవారు, ఇప్పుడు చాలాచోట్ల యంత్రం తిప్పుతుంది. చివరికి సీసా మెడను చల్లటి ద్రావణంలో ముంచితే మడ్డి మంచుబిళ్లలా గడ్డకడుతుంది. మూత తీయగానే లోపలి ఒత్తిడికి ఆ బిళ్ల తుపాకీ గుండులా బయటికి ఎగురుతుంది. తగ్గినంత మేర వైన్, కొద్దిగా పంచదార పోసి కార్కు బిగించి తీగ చుడతారు. ఇంత తతంగమూ పెళ్లి రిసెప్షన్లో ఎవరో సీసా ఊపి పక్కవాళ్ల మీద చిమ్మడానికే అయితే పాపం అనిపిస్తుంది.

ఎర్ర వైన్ సీమకు పనికొచ్చే కిటుకు ఇంకోటి ఉంది. నల్లద్రాక్షలో రంగంతా తొక్కలోనే ఉంటుంది, చాలా రకాల్లో లోపలి రసం తెల్లగానే ఉంటుంది. షాంపేన్‌లో ఎక్కువగా పండే మూడు రకాల్లో పినో నువార్, మ్యూనియే రెండూ నల్లవే. గెలలను చేత్తో కోసి, చితక్కుండా మెత్తగా పిండితే తెల్ల రసం దిగుతుంది. 4,000 కిలోల ద్రాక్ష నుంచి 2,550 లీటర్లకు మించి తీయకూడదని అక్కడ నియమం. అంతకంటే గట్టిగా పిండితే తొక్కలోని రంగు, వగరు దిగుతాయి.

ఎండ చూపిన దారి

ఎర్ర వైన్‌కు పండు పూర్తిగా పండాలి. రసంలో తీపి చేరితే చాలదు, తొక్క పండాలి, గింజ గోధుమ రంగుకు తిరగాలి. వేడి ఎక్కువైతే ఇక్కడే లెక్క తప్పుతుంది. తీపి పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది, తొక్క మాత్రం వెనకబడుతుంది. తొక్క పండేదాకా ఆగితే వైన్ ఘాటెక్కి మొద్దుబారుతుంది. స్పార్క్లింగ్‌కు ఈ తిప్పలేదు. దానికి కావలసిందే పులుపు. తీపి 18, 19 బ్రిక్స్ దగ్గర ఉండగానే కోసేయాలి. ఎర్ర వైన్‌కు 23, 24 దాకా ఆగుతారు. అంటే ఎండ చేటు చేయకముందే స్పార్క్లింగ్ పంట ఇంటికి చేరుతుంది. చలిదేశపు సొత్తు అనుకున్న నురగకు వేడి నేలలో చోటు దొరికింది ఇందుకే.

ఈ దారి పట్టింది మనవాళ్లు ఒక్కరే కాదు. అర్జెంటీనాలో మెండోజా అంటే మాల్బెక్ ఎర్ర వైన్. మోయె ఎ షాందోన్ కంపెనీ ఫ్రాన్స్ బయట మొట్టమొదటి వైనరీ పెట్టింది అక్కడే, 1959లో. ఇటలీలో పీడ్‌మాంట్ అనగానే బరోలో అంటారు. ఆ సీమలోనే కనెల్లి ఊళ్లో కార్లో గాంచియా 1865లో షాంపేన్ పద్ధతి మొదలుపెట్టాడు. అక్కడి అల్తా లాంగా స్పార్క్లింగ్‌కు ఇటలీ అత్యున్నత హోదా 2011లో దక్కింది. ఎర్ర వైన్‌కు పుట్టినిళ్లనదగ్గ బర్గండీ, బోర్డోలు కూడా 'క్రెమాన్' పేరుతో నురగ వైన్‌కు ముద్ర తెచ్చుకున్నాయి. కాలిఫోర్నియాలో కాబర్నే పండే నాపా లోయలో డేవిస్ దంపతులు 1965లో ష్రామ్స్‌బర్గ్ అనే పాత వైనరీని కొని నురగ మీద పడ్డారు. ఏడేళ్లకు, 1972 ఫిబ్రవరిలో, బీజింగ్ విందులో నిక్సన్, చౌ ఎన్‌లై చేతుల్లోని గ్లాసుల్లో పొంగింది వాళ్ల వైనే.

మన దక్కన్‌కు వద్దాం. ఇక్కడ ద్రాక్షతీగకు చలినిద్ర లేదు. అందుకని ఏటా రెండుసార్లు కొమ్మ కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కత్తిరించేది తీగను నిలబెట్టడానికి, అక్టోబరు ప్రాంతంలో కత్తిరించేది పంట కోసం. కోత చలికాలం చివర పడుతుంది. స్పార్క్లింగ్ ద్రాక్షను డిసెంబరు ఆఖరు, జనవరిలో ముందుగా కోస్తారు. ఎర్ర రకాల వంతు ఫిబ్రవరి, మార్చిలలో వస్తుంది. నాసిక్‌లో సుల, దిండోరిలో 2013లో సీసాలు బయటికి తెచ్చిన షాందోన్ ఇండియా ఈ లెక్క మీదే నడిచాయి. వాటికి చలి రాత్రుల ఆసరా కొంత ఉంది. సోలాపూర్ జిల్లా అక్లుజ్‌కు అదీ తక్కువే. అది భీమా పరీవాహకం, చెరకుతోటల సీమ. ఇటలీ వైన్ నిపుణుడు పియరో మాసీతో కలిసి అక్కడ తోటలు వేసిన ఫ్రాటెల్లీకి పేరు తెచ్చింది 'సెట్టె' అనే ఎర్ర వైన్. ఇప్పుడదే కంపెనీ స్పార్క్లింగ్ కూడా అమ్ముతోంది. మన ఎండలో ఇంతకన్నా పుల్లటి నమ్మకమేదీ లేదని వాళ్లకు అర్థమైనట్టుంది.

తెలుగువాళ్లు చేయి పెట్టిన తోట ఇంకా దిగువన ఉంది. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కర్ణాటకలో హంపి కొండల ప్రాంతంలో 'క్రస్మా' ఎస్టేట్ వేశారు. ఆ పేరులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పరుగెత్తిన జంట ఇది, ఓపికకు లోటు లేదు. వాళ్ల తోటకు పేరు తెచ్చింది కాబర్నే సావిన్యో, సాంజోవేసే. రెండూ ఎర్రవే. అదీ కృష్ణా పరీవాహకమే. నారాయణగావ్ నురగ, అక్లుజ్ ఎరుపు, హంపి ఎరుపు, మూడింటి వాననీళ్లూ దిగి వచ్చి చేరేది సాగర్‌కే.

విజయపురిలో దియోనిసస్

సాగర్ గర్భంలో ఉన్న ఊరి పేరు విజయపురి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. 1926లో రంగస్వామి సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. లాంగ్‌హర్స్ట్, రామచంద్రన్ తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేయడంతో నీళ్లు వచ్చేలోగా అంతా బయటికి తీయాలని డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం బృందం చెమటోడ్చింది. రాజప్రాసాదం ప్రాంతంలో దొరికిన ఒక స్తంభం మీది బొమ్మ పండితులను ఆశ్చర్యపరిచింది. గడ్డం పెంచిన ఒక మనిషి, పై ఒంటి మీద బట్ట లేదు. చేతిలో కొమ్ములా వంగిన తాగుడు పాత్ర ఉంది. కాలి దగ్గర చెక్క పీపా. గ్రీకుల, రోమన్ల వైన్ దేవుడు దియోనిసస్ అని గుర్తించారు.

బుద్ధుడి జాతక కథలు చెక్కిన చేతులే ఈయన్నూ చెక్కి ఉండాలి. శిల్పి ఆ దేవుణ్ని ఎక్కడ చూశాడు? దారులు లేకపోలేదు. రోమన్ నాణేలు విజయపురిలోనూ, నల్లగొండ జిల్లాలో ఇతర చోట్లా దొరికాయి. తీరపు రేవుల నుంచి సరకు లోపలికి వచ్చేది. ఇటు సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండ మీద బౌద్ధ విహారం. అక్కడ 2024లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అంగళ్లు కిటకిటలాడిన కాలం అది. రాజుగారి ఇంటికి దూరదేశపు వైన్ వచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు. దాని దేవుడు వచ్చాడన్నది మాత్రం రాతి మీదే ఉంది.

ఆ రాయి పల్నాటి సున్నపురాయి. కృష్ణకు రెండు ఒడ్డులా పరుచుకున్న ఆ రాతినే ఇవాళ మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి పరిసరాల్లో బట్టీల్లో కాల్చి సిమెంటు చేస్తున్నారు. షాంపేన్ సీమ కింద ఉన్నదీ సున్నపు జాతి రాయే. కాకపోతే అది మెత్తటి సుద్ద, నీళ్లు పీల్చుకుంటుంది. రాన్స్ నగరం కింద రోమన్ల కాలం నాటి సుద్ద గనుల్లో ఏడాది పొడవునా 10, 12 డిగ్రీల చల్లదనం ఉంటుంది. సీసాలు అక్కడే నిద్రపోతాయి. మనది పలకలుగా లేచే గట్టిరాయి. ఒకే జాతి రాయి అక్కడ కొట్టు అయింది, ఇక్కడ మొదట దేవుడై తర్వాత సిమెంటు బస్తా అయింది.

590 అడుగుల దగ్గర

మరి సాగర్ కింద ద్రాక్ష వేస్తే? వేయకండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. ఆ అంకె ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఆ నీళ్లు పారే మిర్యాలగూడ ఇంకా దిగువన ఉంది. నాసిక్ ఉన్నది దాదాపు 2,000 అడుగుల ఎత్తున. ఆ ఎత్తే అక్కడ చలికాలపు రాత్రి ద్రాక్షలో పులుపును కాపాడుతుంది. మన దగ్గర జనవరిలో కూడా ఆ చలి నిలవదు, మార్చి రాకముందే ఎండ మొదలవుతుంది. దానికి తోడు 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి లాల్ బహదూర్ (ఎడమ) కాలువ కింద వరి తప్ప మాట లేదు. వరిమడుల తేమకు ద్రాక్షాకు మీద బూజు తెగులు పట్టడానికి ఎంతోసేపు పట్టదు. నీళ్లు నిలిచే నల్లరేగడిలో తీగ వేరు ఊపిరాడక చస్తుంది. కోదాడ, మిర్యాలగూడ మిల్లుల్లో బాయిల్డ్ రైస్ ఉడుకుతున్నంత కాలం ఇక్కడి లెక్క వేరే. మెట్టన నల్లగొండ బత్తాయి ఉండనే ఉంది.

తెలంగాణకు ద్రాక్ష తెలియదని కాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ దేశమంతా పేరు మోసింది. నగరం చుట్టూ తోటలుండేవి. ఆ తోటలు ఉన్నచోట ఇప్పుడు వెంచర్లున్నాయి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో మాత్రం తీగలు మిగిలాయి. అయినా అది తినే ద్రాక్ష. పెద్ద పండు, పలుచని రుచి, గెల బరువుకే పుట్టిన రకం. వైన్ ద్రాక్ష చిన్నగా, మందపు తొక్కతో, గింజలతో నోటికి విసుగ్గా ఉంటుంది. ద్రాక్షాపాకం మనకు కవిత్వంలో కుదిరినంతగా సీసాలో కుదరలేదు.

మన చెట్టు మీది నురగ

బుడగ కోసం సాగర్ మనిషి నాసిక్ దాకా పోనక్కర్లేదు. ఊరి పొలిమేర ఈతవనంలో తెల్లారకముందే అది తయారు.

గీత కార్మికుడు మోకు చెట్టుకు చుట్టి, ముస్తాదు నడుముకు బిగించి ఎక్కుతాడు. నిన్న గీసిన చోటే కత్తితో మళ్లీ ఒక పొర తీస్తాడు. లోతుగా దిగితే చెట్టుకు చేటు, పైపైన పోతే ధార పడదు. ఆ గీత చేతికి తెలియాల్సిందే తప్ప పుస్తకంలో దొరకదు. రాత్రంతా చుక్కచుక్కగా నిండిన లొట్టిని దింపితే మూతి నిండా తెల్లటి నురగ. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది. అక్కడ జరుగుతున్నది షాంపేన్ సీసాలో జరిగేదే. చెట్టు పాలలోని తీపిని గాలిలోంచి, లొట్టి గోడల్లోంచి వచ్చిన ఈస్ట్ తింటోంది, అదే గ్యాస్ పైకి లేస్తోంది. షాంపేన్‌కు నెలలు కావాలి, దీనికి గంటలు చాలు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. మూత బిగిద్దామంటే పులియడం ఆగదు కాబట్టి సీసా పగులుతుంది. శ్రీలంకలో వడగట్టి, వేడిచేసి సీసాల్లో నింపి అమ్ముతున్నారు. మన దగ్గర పులియకముందే చల్లగా అందించే నీరా మీద కొంత ప్రయత్నం జరిగింది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. చెట్టు మీంచి పడే గీత కార్మికుల ప్రాణాలు కాపాడేందుకు 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. రెండూ మంచి పనులే.

అసలు రోగం వేరే చోట ఉంది. అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లను కల్లు పేరుతో పోస్తున్నారు. 2015లో ప్రభుత్వం కల్తీ మీద కొరడా ఝళిపిస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ మత్తుకు అలవాటుపడ్డవాళ్లు పిచ్చెత్తినట్టయి ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఆ తేడాను మందుబిళ్ల పూడుస్తోంది.

షాంపేన్ సీమ సరిగ్గా ఇలాంటి గండమే దాటింది. పురుగు తెగులుతో, వరుస చెడ్డ పంటలతో రైతులు కుదేలైతే వ్యాపారులు దూరప్రాంతాల చవక ద్రాక్ష రైళ్లలో తెచ్చి షాంపేన్ అని అమ్మారు. 1911 జనవరిలో రైతులు తిరగబడి పీపాలు పగలగొట్టారు. ఏప్రిల్‌లో ఆయీ ఊళ్లో వ్యాపారుల ఇళ్లు, కొట్లు తగలబెట్టారు. సైన్యం దిగింది. ఆ మంటల తర్వాతే ఏ ఊరి ద్రాక్ష, ఏ రకం, ఎంత పిండాలి, ఎన్నాళ్లు ఆగాలి అన్నవి ఒక్కొక్కటిగా చట్టమయ్యాయి. 1927లో సరిహద్దులు తేలాయి. ఇవాళ మన దేశంలో కూడా ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది, నాసిక్ సీసా మీద షాంపేన్ అని రాయలేరు. అక్కడ కాపాడింది ద్రాక్ష కాదు, ఏ చెట్టుది, ఎవరు తీశారు అన్న లెక్క.

ఆ లెక్క మన గీత సొసైటీల దగ్గర ఇప్పటికే సగం ఉంది. సభ్యుల పేర్లు ఉంటాయి, చెట్ల సంఖ్య ఉంటుంది. ఒక చెట్టు రోజుకు ఎంత ఇవ్వగలదో గీసేవాడికి తెలుసు. చెట్లకు మించి కల్లు అమ్ముడవుతున్న దుకాణాన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. ఎక్సైజ్ శాఖ ప్రతి కల్లు దుకాణం ముందు మూడు అంకెలు రాయించాలి. సొసైటీకి ఉన్న చెట్లు ఎన్ని, ఆ రోజు దిగిన కల్లు ఎన్ని లీటర్లు, చివరిసారి నమూనా పరీక్ష ఎప్పుడు చేశారు. ఈతవనాలు ఇంకా మిగిలి ఉన్న సూర్యాపేట, నల్లగొండ జిల్లాల్లోనే ఈ పని మొదలుపెట్టాలి. అంతవరకు చెట్టు కింద లొట్టి దింపే మనిషిని ఎరిగి ఉంటే తప్ప ఎవరు పోసినా తాగకండి.